పొద్దున ఆరు గంటలే బండికి

మామూలుగా మన బడులకు ఏప్రిల్ 24 చుట్టూ సెలవులు మొదలవుతాయి, జూన్ 12కు మళ్లీ తెరుస్తారు. ఈ ఏడు వారాల్లోనే ఇంటిల్లిపాదీ కారెక్కి మూడు నాలుగు రాష్ట్రాలు తిరిగి రావాలన్న ఆలోచన కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లల్లో పుడుతుంది. ఆ ఆలోచన వెంటే ఇంకో మాట కూడా వస్తుంది: "ఎండలు మండుతున్నాయి, రాత్రికి రాత్రి పోదాం. పిల్లోళ్లు నిద్రపోతారు, రోడ్డు ఖాళీగా ఉంటుంది." ఎండ సంగతి నిజమే. రాత్రి సంగతి మాత్రం నేను ఒప్పుకోను. వేసవిలో కుటుంబంతో పోయే బండి పొద్దున అయిదుకు కదిలి పదకొండుకు ఆగాలి. రూటు, సామాను, తిండి, గదులు అన్నీ ఈ ఆరు గంటల లెక్కకు లోబడాలి. లోబడకపోతే ఊళ్లు తగ్గించుకోవాలి, గంటలు పెంచుకోకూడదు.

రాత్రి ప్రయాణం ఎందుకు వద్దంటే, తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా మనిషి ఒంట్లో నిద్ర బలంగా ఉండే వేళ. కాఫీ తాగినా, కిటికీ దించినా, పాటలు పెట్టినా అది పోదు. కళ్లు తెరిచే ఉంటాయి, రెండు మూడు సెకన్లు మెదడు పనిచేయదు. గంటకు 100 వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది, అంటే ఆ కునుకులోనే 60–80 మీటర్లు ఎవరూ నడపని బండి అది. కునుకు రాకపోయినా ఇంకో లెక్క ఉంది. ఎదురుగా ఏదో కనబడి కాలు బ్రేకు మీద పడేలోపే 40 మీటర్లు అయిపోతాయి, ఆగడానికి ఇంకో 45–50 కావాలి. డిమ్ లైటులో రోడ్డు తేటగా కనిపించేది సుమారు 50–60 మీటర్లే. వెనక లైట్లు లేకుండా ఆపిన లారీ కనిపించేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు.

44వ జాతీయ రహదారి మీద ఉండేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2021 ఫిబ్రవరి 14న తెల్లారకముందు, మదనపల్లె నుంచి అజ్మీరు బయల్దేరిన కుటుంబాల టెంపో కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో డివైడరు దాటి అవతలి వైపు లారీని గుద్దింది. 14 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడిందీ ఇంచుమించు ఆ వేళకే, రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదికెక్కి. "మా డ్రైవరుకు రాత్రి అలవాటే" అనేవాళ్లు ఉంటారు. అలవాటు వల్ల మెలకువగా ఉన్నానన్న నమ్మకం పెరుగుతుంది గానీ ఒంటి గడియారం మారదు.

మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా రెండో గండం. అన్నం తిన్న మత్తు, దానికి తోడు మన దగ్గర మే నెలలో 40–43 డిగ్రీలు. తారు రోడ్డు పైభాగం 60 దాటుతుంది. ఈ రెండు గండాల మధ్య మిగిలేవి పొద్దున గంటలే. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా కూడా నడపొచ్చు, కానీ దాన్ని ప్లానులో రాసుకోకండి. పంచరు పడిన రోజుకో, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజుకో అది దాచుకునే వేళ.

ఆరు గంటల్లో ఎంత దూరం? నాలుగు లేన్ల రోడ్డు మీద టిఫిను, టాయిలెట్ ఆగుళ్లు కలుపుకొని గంటకు 60–65 కిలోమీటర్లు. రెండు లేన్ల రోడ్డు మీద 45. ఘాట్‌లో 25–30. ఫోన్లో మ్యాపు చూపించే టైముకు నాలుగో వంతు కలపండి, పిల్లలు ముసలివాళ్లు ఉంటే మూడో వంతు. కాబట్టి మంచి రోడ్డయితే రోజుకు 350, కొండదారయితే 150. దానికి మించి రాసుకున్న ప్లాను కాగితం మీదే బాగుంటుంది. ఇంకోటి, 300 దాటిన రోజు తర్వాతి రోజు బండి తీయకూడదు. ఒక్కో ఊళ్లో ఒక్కో రాత్రి అనుకుంటే సెలవంతా బ్యాగులు సర్దడంతోనే సరిపోతుంది.

దిక్కు విషయంలో నా పక్షపాతం దాచుకోను. మే నెలలో మన దగ్గర్నుంచి ఉత్తరానికి కారులో పోవడం తెలివైన పని కాదు. హైదరాబాదు, ఆదిలాబాదు దాటితే నాగపూరు, అటుపైన ఇంకా ఎండే. కాశీ, ప్రయాగ కారులోనే పోవాలని ఉంటే డిసెంబరుకు పెట్టుకోండి, వేసవిలో రైలు ఉంది. మనకు పడమర, నైరుతి దగ్గర. కర్ణాటక దాటి పడమటి కనుమలు ఎక్కితే పది డిగ్రీలు తగ్గుతుంది, దిగితే సముద్రం. అనంతపురం, మైసూరు, వయనాడు, కన్నూరు, మంగళూరు, ఉడుపి, మురుడేశ్వర్, గోకర్ణ, వీలుంటే కార్వార్ మీదుగా దక్షిణ గోవా, తిరిగి అంకోలా, యల్లాపుర, హుబ్బళ్లి, బళ్లారి, ఇల్లు. ఆంధ్ర, కర్ణాటక, కేరళ, గోవా అని నాలుగు రాష్ట్రాలు. పది పన్నెండు రోజులుంటే హాయిగా అవుతుంది, వారమే ఉంటే వయనాడు దాకా పోయి వెనక్కు రండి. కేరళలో వానాకాలం మామూలుగా జూన్ 1కి దిగుతుంది, మే చివరి వారానికే కోస్తాలో వానలు, సముద్రంలో పోటు మొదలవుతాయి. అందుకే మే 20 లోపు తిరిగొచ్చేలా తేదీలు పెట్టుకోండి.

మొదటి రోజు చిక్కు బెంగళూరు. అనంతపురం నుంచి అయిదుకు బయల్దేరితే ఊరి ఉత్తరపు అంచు హెబ్బాళ చేరేది ఎనిమిది దాటాక, అదే ఆఫీసుల వేళ. ఊరి లోపలి నుంచి మైసూరు రోడ్డు ఎక్కడానికి రెండు గంటలు పోతుంది, మనకున్న ఆరులో రెండు. దేవనహళ్లి దగ్గరే కుడికి తిరిగి దొడ్డబళ్లాపుర, దాబస్‌పేట వైపు పోయే శాటిలైట్ రింగు రోడ్డు పట్టుకుంటే నెలమంగల వస్తుంది, అక్కడి నుంచి నైస్ అనే ప్రైవేటు టోల్ రోడ్డు మీద మైసూరు రోడ్డుకు. కిలోమీటర్లు ఎక్కువే, టైము తక్కువ. ఊరే వద్దనుకుంటే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర దిగి లేపాక్షి, హిందూపురం, మడకశిర, శిర మీదుగా తుమకూరు, అక్కడి నుంచి కుణిగల్, మద్దూరు. రెండు లేన్ల రోడ్డే ఎక్కువ గానీ, పొద్దున ఏడుకు లేపాక్షి బసవన్న దగ్గర నీడలో టిఫిను తినే భాగ్యం హైవే మీద దొరకదు.

కర్నూలువాళ్లకు ఇది ఒక్క రోజులో కాదు. బెంగళూరుకే 360 కిలోమీటర్లు ఉంటుంది. ముందు రోజు సాయంత్రం అనంతపురం చుట్టాలింటికో, పెనుకొండకో చేరి పడుకోవడం మేలు. కడపవాళ్లు రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా హొసకోటకు వస్తే అక్కడే శాటిలైట్ రింగు రోడ్డు దొరుకుతుంది. ఆ దారిలో మొదటి గంటలోనే గువ్వలచెరువు ఘాట్ ఉంది. లారీలు బ్రేకు పోయి దొర్లే మలుపులు అవి. చీకట్లో ఎక్కకుండా, వెలుగొచ్చాక ఎక్కేలా బయల్దేరండి. ఇక గువ్వలచెరువు కోవా ఆ పూటకు తినేంతే కొనండి. మూడో రోజు డిక్కీలో పులిసిన కోవాకు ఎవరూ బాధ్యులు కారు.

మైసూరు నుంచి వయనాడుకు బందీపుర అడవి గుండా పోవాలి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడ బండ్లను వదలరు. 2009 నుంచి ఉన్న నిషేధం ఇది, గుండ్లుపేట నుంచి ఊటీ వైపు పోయే దారికి కూడా వర్తిస్తుంది. మైసూరులో నాలుగున్నరకే లేచి పరిగెత్తితే గేటు దగ్గర నిలబడటమే. ఆ ఒక్క రోజు అయిదున్నరకు కదలండి. అడవిలో బండి ఆపడం, కోతులకు బొరుగులు వేయడం జరిమానా పడే పనులు. ఊటీ కూడా చూడాలనుకునేవాళ్లకు 2024 మే 7 నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6000, శని ఆదివారాల్లో 8000 బండ్లకే ఇచ్చారు. గది బుక్ చేసే ముందే పాస్ తీసుకోవాలి, ఇక్కడ చాలామంది క్రమం తప్పుతారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా చెక్‌పోస్టులో తీసేసుకుంటారు, స్టీలు సీసాలు పెట్టుకోండి.

ఇక బండి. సర్వీసింగు చేయించాం కదా అంటే చాలదు. సర్వీసింగులో ఆయిలు మారుతుంది, వేసవి రోడ్డు మీద బండిని ఆపేసేది చాలాసార్లు ఆయిలు కాదు, టైర్లు.

టైరు గురించి మన ఊళ్లలో పాతుకుపోయిన తప్పు మాట ఒకటుంది: "ఎండాకాలం గాలి తగ్గించి పట్టించు, లేకపోతే పేలుతుంది." జరిగేది దీనికి తలకిందులు. గాలి తక్కువైన టైరు నేల మీద ఎక్కువ నలుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్క గోడలు వంగి లేస్తాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. కింద 60 డిగ్రీల రోడ్డు, పైన నిండు బరువు, లోపల ఈ వేడి, మూడూ కలిసి రబ్బరుకూ లోపలి పొరలకూ మధ్య అతుకు వదులుతుంది. పేలేది అప్పుడు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, కొన్ని బండ్లకు పెట్రోలు మూత లోపల. అందులో ఇద్దరికి ఒక అంకె, నిండు బండికి ఇంకో అంకె ఉంటాయి. రెండో అంకె పట్టించండి. అది చల్లటి టైరుకు చెప్పిన అంకె, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి, లేదా రెండు మూడు కిలోమీటర్లలోపు నడిచిన బండికి. ఆరు డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒక పాయింటు (పీఎస్‌ఐ) గాలి పెరుగుతుంది. పొద్దున 33 పెట్టింది పదింటికి 37–38 చూపిస్తే అది మామూలే. బంకులో కుర్రవాడు చూసి "ఎక్కువుంది సార్" అని వదలబోతే ఆపండి. వదిలితే మర్నాడు పొద్దునకు 29 అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. 12 వోల్టుల చిన్న గాలి పంపు ఒకటి బండిలో ఉంటే రోజూ పొద్దున గదుల దగ్గరే చూసుకోవచ్చు, బంకు మీటరును నమ్మే పని లేదు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టాలా అంటే అవసరం లేదు, ఆ డబ్బుతో పంపు కొనుక్కోండి.

టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. అరుగు బాగున్నా ఆరేళ్లు నిండిన టైరుతో మే నెలలో నిండు బండి హైవే ఎక్కించకూడదు. తక్కువ తిరిగే ఇంటి కార్లకు ఇదే ప్రమాదం, పాతికవేల కిలోమీటర్లే తిరిగి ఏడేళ్లు నిండి ఉంటాయి. గాడుల్లో చిన్న దిమ్మెలుంటాయి, అరుగు వాటి మట్టానికి వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని, మార్చాల్సిందేనని అర్థం. పక్క గోడకు నిమ్మకాయంత బుడిపె కనిపిస్తే ఆ రోజే మార్చాలి. స్టెప్నీలో గాలి ఎవరూ చూడరు, అందుకే అవసరమైన రోజు అది మెత్తగా ఉంటుంది. జాకీ, వీల్ పానా, టో హుక్ ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి చక్రం విప్పి బిగించి చూడండి. షాపులో గన్‌తో బిగించిన నట్లు చేతి పానాకు రాకపోతే తెలిసేది అప్పుడే. విప్పేముందు మనుషులందరూ రోడ్డుకు ఎడమవైపు, రెయిలింగు అవతల నిలబడాలి. ఎర్ర త్రికోణం బండికి 50 మీటర్ల వెనక పెట్టాలి. నట్లు చక్రం గాల్లోకి లేచాక కాదు, జాకీ ఎత్తకముందే వదులు చేయాలి. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు.

బరువు లెక్క ఎవరూ వేయరు. మాన్యువల్లో మొత్తం బరువు హద్దు ఉంటుంది, అందులో ఖాళీ బండి బరువు తీసేస్తే మోయగలిగింది తేలుతుంది. అయిదు సీట్ల చిన్న కార్లకు ఇది 400–450 కిలోల చుట్టూ ఉంటుంది. అయిదుగురు పెద్దవాళ్లు అంటే 325. తలా పది కిలోల బ్యాగు 50. ఇరవై లీటర్ల నీళ్లు 20. ఊరగాయ, బియ్యం, చిన్న గ్యాసు పొయ్యి అంటూ ఎక్కించే వంట సామాను 25. హద్దు అక్కడే అయిపోయింది. "పిల్లోడు ఒళ్లో కూర్చుంటాడు" అని ఆరో మనిషిని, ఏడో మనిషిని ఎక్కిస్తే మోసేది ఆ టైర్లే. పైన క్యారియరు కడితే చాలా బండ్లకు 50 కిలోలు మించకూడదు, బరువైనవి కింద, పక్కబట్టలు పైన. క్యారియరు వల్ల మైలేజీ పడిపోతుంది, మలుపుల్లో బండి ఒరుగుతుంది. నా సలహా, నాలుగు జతల బట్టలు పెట్టుకుని మధ్యలో ఒకసారి ఉతికించుకోండి.

ఏడు సీట్ల బండిలో మూడో వరస పెద్దవాళ్లది కాదు. మోకాళ్లు ఛాతీకి తగులుతాయి, ఏసీ గాలి సరిగా రాదు, ఘాట్‌లో ఊపు అక్కడే ఎక్కువ. పదేళ్లు దాటిన పిల్లలు అక్కడ కూర్చోవాలి, బెల్టు పెట్టుకుని. వెనక సీట్లలో బెల్టు పెట్టుకోకపోతే చట్ట ప్రకారం 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి, 80 వేగంలో బ్రేకు పడితే వెనక కూర్చున్నవాడు ముందు సీటు మనిషి మీద పడతాడు, దెబ్బ ఇద్దరికీ.

ఇంజను వేడెక్కడం ఎక్కువగా రెండు కారణాల వల్ల. కూలెంట్ తక్కువై మామూలు నీళ్లు కలుపుతూ పోవడం ఒకటి, రేడియేటరు ముందు ఏసీ కండెన్సరుకు దుమ్ము, పురుగులు పట్టి గాలి ఆడకపోవడం రెండోది. కూలెంట్, శుద్ధి చేసిన నీళ్లు సగం సగం ఉండాలి. తయారుగా కలిపి అమ్మేదాంట్లో మళ్లీ నీళ్లు పోయకండి. మట్టం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కండెన్సరును మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగాలి, ప్రెషర్ గన్ పెడితే సన్నటి రేకులు ముడుచుకుపోతాయి. దారిలో ఇంజను వేడి చూపించే ముల్లు పైకి ఎక్కుతుంటే మొదట ఏసీ ఆపి, హీటరు పూర్తిగా వేడి మీద, ఫ్యాను పూర్తిగా పెట్టి కిటికీలు దించండి. లోపల నరకంగా ఉంటుంది గానీ ఇంజను వేడి కొంత లాగుతుంది. తగ్గకపోతే పక్కకు తీసి ఆపేయాలి. చాలా కొత్త చిన్న కార్లకు ముల్లే లేదు, ఎర్ర లైటు మాత్రమే. అది వెలిగిందంటే ఇంకో కిలోమీటరు కూడా పోకూడదు, ఇంజను పైభాగాన్ని బిగించే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోతుంది. రేడియేటరు మూత కనీసం ముప్పావు గంట ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

బ్యాటరీ చలికన్నా ఎండకే ముందు పోతుంది. మూడేళ్లు దాటితే బయల్దేరే ముందు చూపించండి. ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు, నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే దిగులు లేదు. వైపర్ల రబ్బరు మన ఎండకు గట్టిపడి ఉంటుంది, ఇక్కడ తెలియదు. మే నెలలో కనుమల మీద సాయంత్రం ఉరుముల వాన కురిసినప్పుడు అద్దం మీద గీతలు తప్ప ఏమీ కనబడవు. ఖర్చు కొన్ని వందలే, మార్చేయండి.

మైదానం డ్రైవర్లకు ఘాట్ దిగడమే అసలు పరీక్ష. బ్రేకు మీద కాలు పెట్టి కొండ దిగితే బ్రేకు ఆయిలు మరిగి బుడగలు కడుతుంది, పెడలు నేలకు దిగిపోతుంది. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతదయ్యేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చడం అందుకే. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ బండ్లలో మాన్యువల్ మోడో, 'ఎల్' గుర్తో ఉంటుంది, ఇంటి దగ్గరే నేర్చుకోండి. న్యూట్రల్‌లో దిగి పెట్రోలు మిగిల్చేవాళ్లకు మిగిలేది ఏమీ లేదు, ఇప్పటి బండ్లు యాక్సిలరేటరు వదిలి గేరులో దిగేటప్పుడు పెట్రోలు దాదాపు తాగవు. కాలిన వాసన వస్తే ఆపి అరగంట చల్లారనివ్వాలి, వేడి చక్రం మీద నీళ్లు పోయకూడదు, డిస్కు వంకరపోతుంది. ఇరుకు దారిలో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి, 2017 నాటి డ్రైవింగు నిబంధనల్లోనూ అదే రాసి ఉంది. వయనాడు నుంచి కన్నూరు వైపు దిగేటప్పుడు, అంకోలా నుంచి యల్లాపురకు అరబైల్ ఘాట్ ఎక్కేటప్పుడు ఇవన్నీ పనికొస్తాయి. వాంతుల మాత్ర డాక్టరు రాసిస్తే ఘాట్‌కు అరగంటో గంటో ముందు వేయాలి, వాంతి వచ్చాక కాదు. ఫోను చూసే పిల్లలకే ఎక్కువ తిప్పుతుంది.

లోపలి గాలి గురించి తక్కువమందికి తెలిసిన సంగతి ఒకటి. ఏడుగురున్న బండిలో ఏసీని లోపలి గాలే తిరిగే మీట మీద గంటలకొద్దీ ఉంచితే, ఊపిరి గాలి పేరుకుని డ్రైవరుకు మత్తు వస్తుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి మీటకు మార్చండి. ఎండలో ఆపిన బండి లోపల అరగంటలోనే బయటికన్నా 15 డిగ్రీలు పైన ఉంటుంది, "అయిదు నిమిషాల్లో వస్తాం" అని పిల్లలను, ముసలివాళ్లను లోపల వదలొద్దు. లైటరు, సెంటు సీసా, పవర్ బ్యాంకు కూడా వదలొద్దు. ఇన్సులిను వాడేవాళ్లుంటే చల్లటి సంచిలో పెట్టండి, ఐసు గడ్డకు తగలకుండా గుడ్డ చుట్టి. గడ్డకట్టిన ఇన్సులిను తర్వాత కరిగినా పనిచేయదు.

తిండి మొదటి రోజుకే ఇంటి నుంచి. రాత్రి కలిపిన పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, పెరుగన్నం తొమ్మిదిలోపు తినేయాలి, కొబ్బరి చట్నీ తేనే తేవద్దు. గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, నిప్పట్లు, బొరుగులు వారమైనా ఉంటాయి. ఆ తర్వాత ఎక్కడివి అక్కడ తినడమే ప్రయాణం. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు. లీటరుకని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, చిన్న గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకు చేటు. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి. కోస్తాలో మనవాళ్లు మోసపోతారు. మంగళూరులో 34 డిగ్రీలే కదా అనుకుంటారు. అనంతపురం 41లో చెమట పుట్టగానే ఆరి ఒళ్లు చల్లబడుతుంది, అక్కడ ఆరదు. అలసట రెట్టింపు. అక్కడ మధ్యాహ్నం గుళ్లు, బీచిలు పెట్టుకోకండి.

పదకొండుకే చేరితే గది ఇవ్వరు కదా అని అడుగుతారు. చాలా హోటళ్లలో చెకిన్ పన్నెండుకో రెండుకో. బుక్ చేసేటప్పుడే ఫోను చేసి ముందుగా ఇస్తారా అని అడగండి, 24 గంటల చెకిన్ ఉన్నవి ఎంచుకోండి. లేకపోతే సామాను అక్కడ పెట్టి అన్నం తిని రండి. పొద్దున అయిదుకు కదలాలంటే బ్యాగులు రాత్రే డిక్కీలో ఉండాలి, బిల్లు రాత్రే కట్టి ఉండాలి. ఈ రెండూ చేయని ఇంటి బండి ఏడుకు ముందు కదలదు.

డబ్బు విషయాలు త్వరగా చెప్తాను. పెట్రోలు మన దగ్గరకన్నా కర్ణాటకలో తక్కువ, కొడికొండ దాటేదాకా సరిపోయేంతే పోయించి బాగేపల్లిలో నింపుకోండి. ఈ చుట్టు సుమారు 1600 కిలోమీటర్లు, నిండు బండి ఏసీతో లీటరుకు 15 ఇస్తే 105–110 లీటర్లు. ఫాస్టాగ్ సంవత్సరపు పాస్ 2025 ఆగస్టు 15న వచ్చినప్పుడు 3000 రూపాయలు, 200 టోల్ దాట్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల టోళ్లకే చెల్లుతుంది, నైస్ రోడ్డులాంటి వాటికి చెల్లదు. ఏడాదికి ఒక్క యాత్ర చేసేవాళ్లకు అక్కర్లేదు. అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి మీదుగా నెలకోసారి కర్నూలు నుంచి బెంగళూరు పోయొచ్చేవాళ్లకు లాభమే. ట్యాగులో డబ్బు లేకపోతే 2025 నవంబరులో పెట్టిన నియమం నగదుకు రెట్టింపు, యూపీఐకి ఒకటింబావు వంతు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషను, లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతాయి. తెలిసినవాళ్ల వైట్ బోర్డు బండిని రోజుకింత అని కిరాయికి తీసుకోకండి. సొంత వాడకానికి చేసిన ఇన్సూరెన్సు కిరాయి మీద పోయిన బండికి నష్టపరిహారం నిరాకరించే వీలుంది. ఎల్లో బోర్డు బండే మాట్లాడుకోండి, టూరిస్టు పర్మిట్ చూసి. ఫోన్లో 112, జాతీయ రహదారి సాయానికి 1033 రాసిపెట్టుకోండి. ప్రమాదం జరిగితే మొదటి ఏడు రోజుల వైద్యం లక్షన్నర దాకా నగదు లేకుండా చేయాలని 2025 మే నుంచి కేంద్ర పథకం ఉంది, ఆస్పత్రిలో అడగడం మీ హక్కు.

ఆరు గంటల నియమాన్ని అందరూ తప్పేది చివరి రోజే. గోకర్ణలో పొద్దున సముద్రం చూసి పదింటికి తీరిగ్గా బయల్దేరి, "ఎట్లయినా రాత్రికి ఇంటికి చేరాలి" అని 450 కిలోమీటర్లు ఒకే ఊపున కొడతారు. మధ్యాహ్నం రెండింటికి గదగ్, కొప్పళ మైదానంలో నెత్తిన ఎండ, ఉప్పు గాలికి తడిసి అలసిన ఒళ్లు, పది రోజులు అరిగిన టైర్లు, రాత్రి తొమ్మిదికి గుంతకల్లు రోడ్డు మీద ఎదురు లైట్లు. ఆ రోజు హుబ్బళ్లిలో ఆగండి, గోకర్ణ నుంచి మూడున్నర గంటలే. అక్కడే బండిని కింద నుంచి నీళ్లతో కడిగించండి, బీచి ఉప్పు రెండు వారాలు ఉంటే సైలెన్సరు, బ్రేకు పైపులు తుప్పు పడతాయి. టైర్లలో గాలి మళ్లీ చూడండి. మర్నాడు అయిదుకు కదిలితే హొసపేటలో ఎనిమిదింటికి టిఫిను, బళ్లారి పది లోపు. గుత్తి, తాడిపత్రి మీదుగా కడప పోయేవాళ్లు బళ్లారి దాటాక గుంతకల్లులోనో గుత్తిలోనో మధ్యాహ్నం ఆగి, సాయంత్రం అయిదుకు మళ్లీ బయల్దేరాలి. దాచుకున్న ఆ సాయంత్రపు రెండున్నర గంటలు వాడేది ఇక్కడే. అనంతపురంవాళ్లు పదకొండున్నరకు ఇంట్లో ఉంటారు.